కోడలి చేతి సూది

అక్టోబరు 6, ఆదివారం

మా కోడలికి సూది పట్టడం రాదు. ఈ మాట నేను ఎవరితోనూ అనలేదు. ఎదురింటి పిన్నితో మాత్రం ఒక్కసారి అన్నాను. వీధిలో ఆవిణ్ణి అందరూ రేడియో పిన్ని అంటారు కాబట్టి అందరితో అన్నట్టే అయింది, అందులో నా తప్పేమీ లేదు.

పొద్దున మా ఆయన కోటు బొత్తాం ఊడితే, నేను కుడతాను మామయ్యా అని కోడలు సరదాపడి తీసుకుంది. దారం ఎక్కించేసరికే టీలు చల్లారిపోయాయి. కుట్టడం అయ్యాక చూద్దును కదా, బొత్తామూ కోటూ లోపలి జేబూ ఒకటైపోయి ఉన్నాయి. మా ఆయన జేబులో చెయ్యి పెట్టబోయి, పట్టక, చాలా బాగుందమ్మా అన్నారు. పెళ్ళయినప్పటినుంచీ నేను కుట్టిన వాటికి ఆ మనిషి నోట 'బాగుంది' అనే వచ్చింది కానీ 'చాలా' అన్న మాట ఎన్నడూ రాలేదు. కోడలు బజారుకి వెళ్ళాక విప్పేసి మళ్ళీ కుట్టాను. తనతో ఏమీ అనలేదు. అనాలంటే నాకు మాటలు లేకపోలేదు.

తమాషా ఏమిటంటే ఈ పిల్ల బతుకుతెరువే సూది. పెద్ద రోడ్డు మీది క్లినిక్కులో నర్సు. చలికాలం వస్తోందంటే వీళ్ళకి చేతినిండా పని, వచ్చిన వాళ్ళందరికీ ఫ్లూ సూదులు వేస్తారు. భోజనాల దగ్గర ఆ సంగతే ఎత్తింది. ఈసారి ఇంట్లో అందరూ వేయించుకోవాలంది. మా అబ్బాయికి బస్సు డిపోలోనే వేసేశారట. రేపు నాతో రండి మామయ్యా అంటే, ఈయన ఇప్పుడే బయల్దేరదామా అన్నట్టు చెప్పుల కోసం చూశారు.

పోయినేడు ఆస్పత్రిలో ఆయన ముక్కుకి పెట్టిన గొట్టం గురించి ఇక్కడ రాయను. నూలు మిల్లులో చేసిన రోజుల్లో పీల్చిన దూదంతా ఆ గుండెల్లోనే ఉంది. మామూలు రోజుల్లోనే మేడమెట్లు ఆగి ఆగి ఎక్కుతారు. ఇంకోసారి ఫ్లూ వస్తే ఇలా నడిపించి ఇంటికి పంపగలనో లేదో అని డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. రాయనన్నాను కదా, రాసేశాను.

మీరు కూడా అత్తయ్యా, అంది కోడలు. చూద్దాంలే అన్నాను.

అక్టోబరు 9, బుధవారం

నా కుట్టు కొట్టుకి స్కూలు యూనిఫారాలు వచ్చి పడ్డాయి. చూద్దాం అన్నదాన్ని చూడ్డానికి తీరిక లేదు.

అక్టోబరు 12, శనివారం

ఆయనకి సూది అయింది. ఒకరోజు చెయ్యి కాస్త సలిపిందట, అంతే. కొట్లో నా మిషను పక్కనే కూర్చుని బొత్తాలు కుడుతూ, కూనిరాగం తీస్తూ, మధ్యలో ఊపిరి కోసం ఆగుతూ, మళ్ళీ మొదలుపెడుతూ హాయిగా ఉన్నారు. నన్ను మాత్రం కోడలు వదలడం లేదు.

నేను చెప్పవలసినవన్నీ చెప్పాను. నాకు జ్వరమన్నది వచ్చి ఎరగను. సూది వేయించుకుంటే దానివల్లే ఫ్లూ వస్తుందని రేడియో పిన్ని చెప్పింది. వాళ్ళ మరిదికి అలాగే అయిందట. ఆ మందులో బతికున్న పురుగే ఉండదు అత్తయ్యా, దానివల్ల ఫ్లూ ఎలా వస్తుంది, మహా అయితే ఒకట్రెండు రోజులు ఒళ్ళు వెచ్చబడుతుంది, చెయ్యి నొప్పి పుడుతుంది అంది. ఆ మరిదిగారికి అప్పటికే ఎక్కడో అంటుకుని ఉంటుంది, వేయించుకున్నాక పని చేయడానికి రెండు వారాలు పడుతుంది అంది. అన్నిటికీ సమాధానం ఉంది ఈ పిల్ల దగ్గర.

మరి ఏటేటా ఎందుకమ్మా, ఒకసారి వేస్తే చాలదా అన్నాను. అక్కడ దొరుకుతుందనుకున్నాను. ఆ పురుగు ఏడాదికోసారి ఒళ్ళు మార్చుకుంటుంది, పోయినేటి కొలతలతో కుట్టిన కోటు ఈ ఏడు దానికి పట్టదు అత్తయ్యా, అంది. నా కొట్లో కూర్చుని, నా కొలతలు తెచ్చి, నా మీదే వేసింది. ఆయన బొత్తాం మీదికి వంగి నవ్వుకోవడం నాకు కనపడలేదనుకున్నారు.

ఇది భయం కాదు. రోజంతా వేళ్ళకి సూదులు గుచ్చుకునేదానికి సూదంటే భయమేమిటి? ఇది పట్టింపు. నాకు అక్కర్లేదనిపించింది, అంతే.

అక్టోబరు 15, మంగళవారం

కొట్లో ఎవరూ లేనప్పుడు ఆయన చిన్నగా మొదలుపెట్టారు. నాబోటి వాళ్ళకి సూది వేసినా పూర్తిగా పట్టదటోయ్, వయసూ ఊపిరితిత్తులూ అలాంటివి, అందుకే చుట్టూ ఉన్నవాళ్ళు కూడా వేయించుకుంటే మంచిదట, అన్నారు. వేయించుకోమని మాత్రం అనలేదు. నేను కత్తిరింపులో ఉన్నట్టు నటించాను. కాసేపు చూసి, నీ ఇష్టంలే అన్నారు.

ఆ మనిషి నన్ను ఇన్నేళ్ళలో ఒక్కసారీ గట్టిగా కసరలేదు. కసిరితే నాలుగు అని ఊరుకునేదాన్ని. ఈ 'నీ ఇష్టం' ఉందే, దాంతో సాయంత్రం దాకా ఒక్క కుట్టూ తిన్నగా పడలేదు.

అక్టోబరు 17, గురువారం

వెళ్ళాను. రాయాలి కదా, వెళ్ళాను.

క్లినిక్కుకి కోడలి డ్యూటీ లేని పూట చూసి వెళ్ళాను. కుర్చీల్లో వరసగా కూర్చోబెట్టారు. నా ముందు ఒక పెద్దాయన చేయి మడిచి చూపించి నవ్వుకుంటూ వేయించుకున్నాడు. ఆయన తర్వాత ఒకమ్మాయి. ఆ తర్వాత నేను. మీరే రండమ్మా అని పిలిచేసరికి కొట్లో ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపానో లేదో అన్న అనుమానం వచ్చింది. ఇస్త్రీపెట్టె అంటే ఆషామాషీ కాదు, కొట్టంతా బట్టలు. వచ్చేశాను. స్విచ్చి ఆపే ఉంది.

గడపలో ఆయన అయిందా అన్నారు. నేను ఊఁ అన్నాను. ఊఁ అంటే అయిందని అర్థమా? వినపడిందని కూడా అర్థమే. కానీ ఆయన ముఖం చూశాను. ఆ ముఖం అంత తేటపడటం పోయినేడు ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు తర్వాత మళ్ళీ ఇప్పుడే. ఆ ముఖాన్ని పట్టుకుని కాదు, అవలేదు అని ఎలా అంటాను?

కోడలు వచ్చేలోగా ఏదో ఒకటి కనపడాలి కదా. కొట్లో తలుపు దగ్గరికి వేసుకుని, సన్నసూది తీసుకుని చేతి మీద ఒక్క పోటు పొడుచుకున్నాను. చుక్క రక్తం వచ్చింది. ఏ మాత్రం భయం వేయలేదు, అదీ సంగతి. నా చేతిలో ఉన్న సూది నన్నేం చేస్తుంది? నా చేయి తీసుకెళ్ళి ఇంకొకరి చేతిలో పెట్టి, మీ ఇష్టం కానివ్వండి అని కూర్చోవడమే నాకు చేతకాదు. మా అమ్మని కూడా జడ వేయనిచ్చేదాన్ని కాదట. పైన చిన్న పట్టీ అంటించాను. నేను వేసుకునే బట్టల చేతులు మోచేతికి కాస్త పైన ఆగుతాయి. సరిగ్గా అంచు కిందికి, తిన్నగా, అందరికీ కనపడేలా అంటించాను. నా పని శుభ్రంగా ఉంటుంది.

బస్టాండు దగ్గర మందుల కొట్లో వేయించుకున్నాను, మీ క్లినిక్కులో జనం ఎక్కువ, అని కోడలికి చెప్పాను.

అక్టోబరు 18, శుక్రవారం

కోడలు టీ ఇస్తూ నా చేయి చూసింది. పట్టీ చూసింది. మళ్ళీ చేయి చూసింది. నొప్పిగా ఉందా అత్తయ్యా అంది. కొంచెం అన్నాను. ఎవరు వేశారు అంది. ఒకమ్మాయి, పేరు అడగలేదు అన్నాను. బాగా వేసింది అంది కోడలు, చాలా నెమ్మదిగా.

నన్నే మెచ్చుకున్నట్టు లోపల కాస్త సంతోషం వేసింది. మనసు వింతది.

అక్టోబరు 22, మంగళవారం

ఇది నా కొట్టు. అద్దాలు నావి, మిషను నాది, బయట బోర్డు మీద అక్షరాలు నేను దగ్గరుండి రాయించినవి. ఈ రోజు యూనిఫారాలు ఇచ్చి తిరిగి వచ్చేసరికి మా ఆయన బొత్తాల బల్ల నా పక్కన లేదు. వెనక గదిలో కిటికీ దగ్గర ఉంది. ఆయన అక్కడే కూర్చుని, ఇక్కడ గాలి బాగుందోయ్ అంటున్నారు. కోడలు జరిపించిందట. కొట్లోకి వచ్చేపోయే వాళ్ళ ఊపిరి మామయ్యకి తగలకూడదట.

గుమ్మం దగ్గర చేతులు కడుక్కోవడానికి సబ్బుసీసా పెట్టింది. దగ్గేవాళ్ళు గుడ్డ బయటే ఇచ్చి వెళ్ళాలంటూ అట్టముక్క మీద రాసి తగిలించింది. ఆ రాత మాత్రం కుట్టు కంటే నయం.

బొత్తాం కావాలంటే ఇప్పుడు గోడ అవతలికి కేకేయాలి. ఆయన కూనిరాగం సగమే వినపడుతోంది.

అక్టోబరు 29, మంగళవారం

నిన్న ఒకసారి, ఈ రోజు ఒకసారి కోడలు అంది, అత్తయ్యా మా క్లినిక్కులో మందు ఇంకా ఉంది అని. ఉంటే మీ క్లినిక్కు అదృష్టం, నాకెందుకు చెప్తున్నావు అన్నాను. ఊరికే అంది. ఈ పిల్లకి మతిమరుపు మొదలైందేమో. నేను వేయించుకున్నానని తెలుసు కదా.

పడకలు కూడా మార్చింది. మా అబ్బాయి దగ్గుతున్నాడని, వాడికి రాత్రి షిఫ్టు లేనప్పుడు వాణ్ణి ఒక గదిలో, ఆయన్ని ఇంకో గదిలో పడుకోబెడుతోంది. వాడికి ఏమీ లేదు, దుమ్ము పడక దగ్గాడు. ఈ లెక్కన నన్ను కూడా ఏదో ఒకరోజు వరండాలో పడేస్తుంది. ఆయనకేమో కోడలు ఏం చేసినా బాగుంది. చాలా బాగుంది.

నవంబరు 4, సోమవారం

రేడియో పిన్ని కోటుకి కొలతలు ఇవ్వడానికి వచ్చింది. గుమ్మంలో అట్ట చదివి, ఇది నా గురించే రాశారా అని నవ్వింది. నవ్వు దగ్గయింది. నువ్వు పక్కకి తిరుగు పిన్నీ అంటూనే మెడ కొలత తీసుకున్నాను. మెడ కొలత తీయాలంటే ఎదురుగా, దగ్గరగా నిలబడాలి, వేరే దారి లేదు. సరిగ్గా అప్పుడే తుమ్మింది. నా ముఖం మీదే. టేపు కూడా తడిసింది. ఇద్దరం నవ్వుకున్నాం.

వీధంతా పడిశాలేనట. స్కూల్లో సగం బెంచీలు ఖాళీ అట. వార్తలు చెప్పి వెళ్ళింది.

నవంబరు 6, బుధవారం

ఒళ్ళు నొప్పులు. నిన్నంతా మందం గుడ్డ కుట్టాను, దాని వల్లే.

నవంబరు 7, గురువారం

పడిశం. జ్వరం కాదు, ఒళ్ళు కాస్త వెచ్చబడింది. మధ్యాహ్నం వెనక గదికి వెళ్ళి ఆయన పక్కన కూర్చుని టీ తాగాను. దగ్గు వస్తే ముఖం పక్కకి తిప్పుకున్నాను.

నవంబరు 8, శుక్రవారం

కత్తెర ఎత్తలేకపోయాను.

నవంబరు 9, శనివారం

వంకరగా వస్తోంది రాత. పడుకునే రాస్తున్నాను.

నిన్న జ్వరం ఎక్కువైంది. ఎముకల్లో ఎవరో కూర్చుని దంచుతున్నట్టుంది. ఆయన టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. రావద్దు అని అరిచాను. నా గొంతుకి నేనే ఉలిక్కిపడ్డాను. ఆయన అక్కడే నిలబడి, వేయించుకున్నావుగా, నీకెందుకొచ్చిందోయ్ అన్నారు, చిన్నపిల్లవాడిలా. ఏం చెప్పను? వేయించుకున్నా ఒక్కోసారి వస్తుంది మామయ్యా, అని కోడలే చెప్పి, ఆయన్ని పక్కకి తీసుకెళ్ళింది. ముఖానికి గుడ్డ కట్టుకుని నా దగ్గరికి వచ్చి కూర్చుంది, జ్వరం చూసింది, మందు మింగించింది.

అప్పుడు చెప్పేశాను. వేయించుకోలేదమ్మా అన్నాను. నా సూదితో నేనే పొడుచుకున్నాను అన్నాను.

"తెలుసు అత్తయ్యా. మర్నాడే తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. మేం భుజం కింద కండలో వేస్తాం. మోచేతి దగ్గర ఎవరూ వేయరు. మీరు బట్ట అయిపోయిన చోట అంటించుకున్నారు."

బట్ట అయిపోయిన చోట చేయి మొదలవుతుంది మరి. జన్మంతా చేతులు కొలిచి నేను నేర్చుకున్నది అదే. నవ్వు వచ్చింది, నవ్వితే దగ్గు వచ్చింది. తెలిసినదానివి ఎందుకు ఊరుకున్నావు అన్నాను. కోడలు నా దుప్పటి సర్దింది.

"నేను కుట్టిన బొత్తాం మీరు విప్పి మళ్ళీ కుట్టారు. నన్ను ఒక్క మాట అనలేదు. నేనూ అలాగే చేద్దామనుకున్నాను." తర్వాత అంది, "కానీ కోపం వచ్చింది అత్తయ్యా. చాలా వచ్చింది. మామయ్య ఊపిరితో ఆటలేంటి అని అడుగుదామని ఎన్నిసార్లు వచ్చానో. అడిగితే మీరు నాతో మాట్లాడటం మానేస్తారని భయపడ్డాను. అందుకే బల్ల జరిపాను."

ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు. నేను పెత్తనం అనుకున్నదంతా అదా.  

నవంబరు 10, ఆదివారం

గోడ అవతల ఆయన దగ్గుతున్నారు.

అదే రోజు, సాయంత్రం

ఆయనకీ జ్వరం. డాక్టరు వచ్చి చూశాడు. ఫ్లూయే. వెంటనే మందు మొదలుపెట్టించాడు. సూది ముందే వేయించుకున్నారు కాబట్టి తేలిగ్గా పోయే అవకాశం ఉంది, కానీ ఊపిరి మీద కన్నేసి ఉంచండి, రెండు రోజులు చూడాలి అన్నాడు. ఆస్పత్రికి వెళ్ళవలసి వస్తే అని బ్యాగు సర్ది గుమ్మం దగ్గర పెట్టింది కోడలు. అబ్బాయి డిపోకి సెలవు చెప్పి వచ్చేశాడు.

నేనే ఇచ్చాను. గురువారం పక్కన కూర్చుని టీ తాగాను. ముఖం పక్కకి తిప్పుకున్నానని ఇక్కడ గొప్పగా రాసుకున్నాను కూడా.

నన్ను ఆ గదిలోకి రానివ్వరు. గోడకి చెవి ఆనించి ఆయన ఊపిరి వింటున్నాను. ఒకటి లోపలికి వెళ్తుంది, బయటికి వచ్చేదాకా నేను ఊపిరి పీల్చను. ఇన్నాళ్ళూ ఈ పుస్తకంలో భయం కాదు, భయం కాదు అని రాశాను. భయంగా ఉంది. ఆ సూదంటే కూడా భయమే, మొదటినుంచీ భయమే. అది వేలెడంత భయం. ఇది ఇల్లంత.

నవంబరు 11, సోమవారం

జ్వరం తగ్గలేదు. ఊపిరి అలాగే ఉంది, పెరగలేదు తగ్గలేదు. కోడలు గంట గంటకీ ఆయన వేలికి ఏదో తగిలించి చూసి, నా గుమ్మం ముందు నుంచి వెళ్తూ తల ఊపుతుంది. ఆ తల ఊపు కోసం కళ్ళు కాయలు కాస్తున్నాయి.

నవంబరు 12, మంగళవారం

తెల్లారేసరికి చెమట పట్టి జ్వరం జారింది. మధ్యాహ్నం బొత్తాల డబ్బా అడిగారట. గొట్టం అక్కర్లేదు, ఆస్పత్రి అక్కర్లేదు అన్నాడు డాక్టరు. ఆ సూది లేకపోతే ఈ మాట చెప్పేవాణ్ణి కాదేమో అని కూడా అన్నాడట. కోడలు నాకు చెప్తూ గోడకి చేరగిలబడి నేల మీద కూర్చుండిపోయింది. అబ్బాయి ఆస్పత్రి బ్యాగులోంచి ఆయన బట్టలు తీసి అలమరలో పెట్టాడు. నేను దుప్పటి ముఖం మీదికి లాక్కుని ఏడ్చాను.

నవంబరు 14, గురువారం

నా జ్వరం పోయింది. తలుపు ఇవతల నిలబడి, ఆయన అవతల మంచం మీద ఉండగా, అంతా చెప్పాను. ఊఁ దగ్గర్నుంచి పట్టీ దాకా.

ఆయన ఏమీ అనలేదు. నీ ఇష్టం అని కూడా అనలేదు. రోజంతా ఆ గదిలోంచి కూనిరాగం లేదు. దగ్గు వినపడినా బాగుండుననిపించింది, ఇంత నిశ్శబ్దం ఈ ఇంట్లో నేను ఎరగను. అబ్బాయి అటూ ఇటూ చూసి సూపు గ్లాసులు మోశాడు.

నవంబరు 15, శుక్రవారం

పొద్దున ఆయనే లేచి తలుపు దాకా వచ్చారు. గోడ పట్టుకుని, ఆగి, ఊపిరి తీసుకుని.

"అబద్ధం ఆడినందుకు కాదు నాకు బాధ. భయమని నాకు చెప్పలేదు చూడు, అందుకు. చెప్తే వచ్చి నీ పక్కన కూర్చునేవాణ్ణి కదా. చెయ్యి పట్టుకునేవాణ్ణి కదా."

నేనేమన్నానో గుర్తులేదు. ఏదో అన్నాను. ఆయన గోడ పట్టుకునే నవ్వారు.

నవంబరు 25, సోమవారం

ఇద్దరం పూర్తిగా తేరుకున్నాం. ఒకసారి వచ్చి పోయింది కదా, ఇంకేం సూది అన్నాను కోడలితో, చివరి ప్రయత్నంగా. వచ్చింది ఒక రకం అత్తయ్యా, ఇంకా రకాలున్నాయి, చలికాలం సగం కూడా కాలేదు అంది. సరే, రేపు నీ డ్యూటీ ఉన్నప్పుడే వస్తానన్నాను. ఆయన తనూ వస్తానన్నారు. జనంలోకి ఇప్పుడే వద్దని మేమిద్దరం ఒకేసారి కసిరాం. అత్తాకోడళ్ళు ఒక మాట మీద ఉండటం ఈ ఇంట్లో ఇదే మొదలు అని ఆయన అబ్బాయికి ఫోను చేసి మరీ చెప్పారు.

నవంబరు 26, మంగళవారం

హాలు నిండా జనం. కోడలు బల్ల దగ్గర నా వంతు వచ్చింది. అందరినీ అడిగినట్టే నన్నూ అడిగింది, ముఖం కదపకుండా. ఇప్పుడు జ్వరం ఏమైనా ఉందా? లేదు. ఇంతకుముందు ఏ సూదికైనా ఒంటికి పడకపోవడం ఉందా? లేదు. ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు, మీ మామగారు, అన్నాను. వెనకాల ఎవరో నవ్వారు.

భుజం దాకా బట్ట పైకి మడిచింది. దూదితో తుడిచింది. చల్లగా తగిలింది. సూది చేతిలోకి తీసుకుంది. నాకు ఇస్త్రీపెట్టె గుర్తుకొచ్చింది. లేచే లోపల నోరు తెరిచి అనేశాను.

"నాకు భయంగా ఉందే."

కోడలు సూది పళ్ళెంలో పెట్టేసింది. పక్క బల్ల దగ్గర ఉన్న పెద్ద నర్సుని పిలిచి, అక్కా ఈవిడకి నువ్వు వెయ్యి అంది. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుని, నా రెండో చేయి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. నువ్వే వేస్తావనుకున్నానమ్మా అన్నాను.

"సూది ఎవరైనా వేస్తారు అత్తయ్యా."

వరసలో జనం విసుక్కోవడం మొదలుపెట్టారు. ఎంతసేపమ్మా, ఏమైంది అక్కడ అని ఒకాయన గట్టిగా అడిగాడు. కోడలు నా చేయి వదలకుండానే తల వెనక్కి తిప్పి, హాలంతా వినపడేలా చెప్పింది.

"ఒక్క నిమిషం ఆగండి. ఈవిడ మా అత్తయ్య. ఆవిడకి భయం. నేను పట్టుకోవాలి."

అంతమంది ముందు అలా అంటుందా అని సిగ్గుపడబోయాను. ఈలోపల పెద్ద నర్సు అయిపోయిందమ్మా, లేవండి అంది. కోడలు కూడా అయిపోయింది అత్తయ్యా అంది. వరసలో ఆయన కూడా అయిపోయిందట కదా అన్నాడు. ముగ్గురు చెప్పినా ఆ చేయి నేను చాలాసేపు వదల్లేదు.